కిటికీకి పెట్టి చూస్తే

మా మావయ్య లిఫ్ట్ మెకానిక్. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకి ఆయన మొహం తెలీదు, గొంతు తెలుసు. రెండంతస్తుల మధ్య పెట్టె ఆగిపోతుంది. లోపల ఎవరో తలుపు బాదుతుంటారు. అప్పుడు పైనుంచి ఒక గొంతు వినిపిస్తుంది. "కంగారు పడకండి, నేనున్నాను. గోడకి ఆనుకుని నిలబడండి." అది మావయ్య గొంతు. పైన మెషీన్ రూములో చక్రాన్ని చేత్తో తిప్పుతూ పెట్టెని మెల్లగా కిందికి దించుతాడు. తలుపు తెరుచుకోగానే లోపలున్నవాళ్ళు వెనక్కి చూడకుండా పోతారు. ఆయన చేతులు తుడుచుకుని మెట్లన్నీ దిగి వచ్చేసరికి అక్కడ ఖాళీ లిఫ్టు తప్ప ఏమీ ఉండదు.

"ఒక్కడూ థాంక్స్ చెప్పడా మావా?" అని అడిగాను ఒకసారి.

"చెప్తార్రా. వాచ్‌మన్‌కి."

ఆయనకి ఒకప్పుడు పెళ్ళయింది. అత్తయ్య వెళ్ళిపోయింది. ఎందుకు వెళ్ళిపోయిందో మా అమ్మ ఇప్పటికీ వచ్చినవాళ్ళందరికీ చెప్తుంది, సొంత తమ్ముడని కూడా చూడదు. అత్తయ్య సామాను సర్దుకుంటూ అమ్మతో అన్నదట: "కొట్టలేదు వదినా, తిట్టలేదు, తాగలేదు. ఇంట్లో ఉన్నాడో లేడో తెలిసేది కాదు. పక్క గదిలో ఉన్నాడనుకుని మాట్లాడుతూ ఉంటాను, చూస్తే బయటికెళ్ళి ఉంటాడు. బయటికెళ్ళాడనుకుంటాను, చూస్తే పక్కనే కూర్చుని ఉంటాడు." దీన్ని తప్పనాలో ఏమనాలో ఎవరికీ తోచలేదు. కోర్టువాళ్ళు కూడా ఏదో ఒకటి రాసి సంతకాలు పెట్టించారు.

కాలేజీ మానేశాక నన్ను చూస్తే మా నాన్నకి ఒళ్ళు మండుతోందని అమ్మ నన్ను మావయ్య దగ్గర పడేసింది. లిఫ్ట్ మెకానిక్ గారు ఉండేది లిఫ్టు లేని బిల్డింగులో, అదీ పై అంతస్తులో. రెండు గదులు, ఒక బాత్‌రూము. ఆ బాత్‌రూములో స్నానం చేసినదానికంటే ఫొటో రీళ్ళు కడిగినదే ఎక్కువ. తలుపు కింద సందులో తువ్వాలు కుక్కి, వెంటిలేటర్‌కి నల్ల రెక్సిన్ బిగించి, లైటార్పి, ఆ చీకట్లో తడుముకుంటూ ఫిల్ముని స్టీలు ట్యాంకులోకి ఎక్కిస్తాడు. మూత బిగించాక తలుపు తెరుస్తాడు. డెవలపర్ మందు పోసి ట్యాంకుని తలకిందులు చేస్తాడు, నిలబెడతాడు, మళ్ళీ తలకిందులు చేస్తాడు. తర్వాత ఫిక్సరు, తర్వాత నీళ్ళు. కడిగిన ఫిల్ముని షవర్ గొట్టానికి వేలాడదీసి, కింద బరువుకి బట్టల క్లిప్పు తగిలిస్తాడు. ఆరేదాకా ఎవరూ ఆ బాత్‌రూములో అడుగు పెట్టకూడదు, దుమ్ము లేస్తుందట. పొద్దున్నే అర్జెంటు అని నేను తలుపు ముందు గంతులేస్తుంటే, "కొంచెం ఓర్చుకోరా, ఫిల్ము మీద పూత, ఎమల్షన్, ఇంకా మెత్తగా ఉంది" అనేవాడు. నా కడుపు సంగతి అడగడు, ఎమల్షన్ సంగతి చెప్తాడు.

కెమెరా ఏదో పాత సామాన్ల దుకాణంలో దొరికింది. దాంట్లో వెలుగు కొలిచే ముల్లు చచ్చిపోయింది. అందుకని అరచెయ్యి ఎండకి పట్టి, దాని మీద నీడ ఎంత గట్టిగా పడిందో చూసి ఎంత వెలుగివ్వాలో లెక్కేసుకుంటాడు. తీసేవి కూడా అన్నీ పనిచేసే చోటివే. ఇనప తాళ్ళు, గ్రీజు పట్టిన చక్రాలు, లిఫ్టు గోతిలోకి తలుపుల సందునుంచి పడే సన్నటి వెలుతురు గీతలు. మనుషులుండరు. "మనుషుల్ని తియ్యవా?" అంటే, "వాళ్ళకి పనులుంటాయి కదరా" అన్నాడు.

ఈ బొమ్మల్ని స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఒక గుంపులో పెట్టేవాడు. ఫిల్ము పిచ్చి ఉన్నవాళ్ళంతా ఉండే గుంపది. సగం మంది పిల్లుల ఫొటోలు పెడతారు, మిగతా సగం ఏ డెవలపర్ మంచిదని కొట్టుకుంటారు. అందులో మావయ్య పేరు 'మెషీన్ రూమ్'. ఆయన బొమ్మ కింద ఎవడో ఒకడు 'నైస్' అని రాసేవాడు. ఆ ఒక్క ముక్క కోసం టీ తాగుతూ, గడ్డం గీసుకుంటూ, చెప్పులేసుకుంటూ ఫోను తెరిచి చూసేవాడు. తను మాత్రం ఎవరి బొమ్మ కిందా రాయడు. రాస్తాడు, చెరిపేస్తాడు.

"ఏం రాశావ్ మావా?"

"బావుందని."

"మరి చెరిపేశావేం?"

"ఆయనకి తెలుసుగా బావుందని."

ఆ గుంపులో ఒక అలవాటుంది. దాన్ని జంట రీలంటారు. ఒకళ్ళు రీలంతా బొమ్మలు తీసేసి వెనక్కి చుడతారు, పూర్తిగా కాదు, ఫిల్ము నాలుక, అంటే మొదటి కొస, డబ్బా బయటే ఉండేలా. దాన్ని ముక్కూ మొహం తెలియని ఇంకొకళ్ళకి కొరియర్ చేస్తారు. ఆ రెండోవాళ్ళు అదే రీలుని కొత్తదానిలా తమ కెమెరాలో ఎక్కించి, దాని మీదే మళ్ళీ తీస్తారు. ఎవరేం తీశారో ఒకళ్ళకొకళ్ళు చెప్పుకోకూడదు. రెండోవాళ్ళు రీలు కడిగి చూస్తే, ఒక్కో బొమ్మలో రెండు ఊళ్ళుంటాయి, రెండు ఇళ్ళుంటాయి. ఇద్దరి పేర్లూ కలిపి గుంపులో పెడతారు. నచ్చితే రెండోవాళ్ళు తిరుగు రీలు పంపుతారు, ఈసారి వాళ్ళు ముందు, వీళ్ళు వెనక. నచ్చకపోతే పంపరు. పంపుతారా అని అడగడం మర్యాద కాదు.

ఒక సెలవు రోజు పొద్దున్న మావయ్య నా దుప్పటి లాగేశాడు. ఆయన అలాంటి పని చెయ్యడం అదే మొదలు.

"ఒరేయ్, లే. నాకు జంట వచ్చింది."

నాకు నిద్రమత్తు వదిలిపోయింది. "ఎవరు? ఏ సంబంధం?"

"సంబంధం కాదురా వెధవా. రీలుకి. నల్లగొడుగు గారు."

ఆ గుంపులో నల్లగొడుగు అంటే కాస్త పేరున్న మనిషి. పేరు దగ్గర మొహం బదులు మూసి ఉన్న నల్ల గొడుగు బొమ్మ ఉంటుంది. ఆడో మగో, పిన్నో పెద్దో ఎవరికీ తెలీదు. విషయం మా అమ్మకి చేరింది, నేనే చేరవేశాను. వెంటనే ఫోను.

"ఎవర్రా ఆ గొడుగు? ఆడా మగా?"

"తెలీదక్కా."

"వయసెంత?"

"తెలీదు."

"ఏ వివరమూ తెలీకుండా సరుకు ఎలా పంపుతున్నావురా? పోనీ, ఆ గొడుగైనా కాస్త గలగలా మాట్లాడే రకమేనా? ఇద్దరూ నీలాంటోళ్ళే అయితే ఆ రీలే మీతో మాట్లాడాలి!"

మావయ్య నవ్వలేదు. ఫోను పెట్టేశాక నాతో అన్నాడు, "తిరుగు రీలు వస్తే బావుంటుందిరా." ఇన్నాళ్ళలో ఆయన ఫలానాది కావాలని నోరు తెరిచి చెప్పడం నేను వినలేదు. అందుకే నాకు భయమేసింది.

జంట రీలుకి ఒక లెక్క ఉంది. ఒకే చోట రెండుసార్లు వెలుగు పడుతుంది కాబట్టి, ఎవరి వెలుగుని వాళ్ళు సగానికి తగ్గించుకోవాలి. ఫొటోలవాళ్ళ భాషలో ఒక స్టాపు. అప్పుడు రెండూ కలిసి ఒక నిండు బొమ్మవుతుంది. మావయ్యకి ఇది తెలీక కాదు. కెమెరా తీసుకుని బయల్దేరుతుంటే లెన్సు మీద అంకె చూశాను.

"ఇది సగం కాదే, ఇంకా తక్కువుంది?"

"సగం అనేది రూలు. ఇంకో స్టాపు జాగ్రత్తకి."

మర్నాడు చూస్తే ఇంకా తగ్గింది.

"మళ్ళీ ఏమొచ్చింది మావా?"

"గొడుగు గారు మనుషుల్ని తీస్తార్రా. వాళ్ళ మొహాల మీద మన గ్రీజు చక్రాలు అడ్డం పడితే బావుంటుందా?"

"అడ్డం పడటానికే కదా ఆట! బస్సులో పక్కవాళ్ళకి చోటివ్వమంటే నువ్వు ఫుట్‌బోర్డు మీదికెళ్ళి వేలాడుతున్నావ్."

"నీకు తెలీదులే," అన్నాడు.

ఆ రీలులో ఆయన ఎప్పుడూ తీయని బొమ్మ ఒకటి తీశాడు. ఒక ఆఫీసు లిఫ్టులో మూడు వైపులా అద్దాలున్నాయి. అందులో తన్ని తాను తీసుకున్నాడు, తెల్ల చొక్కా వేసుకుని మరీ. ఇంటికొచ్చాక, "బాగా తక్కువ పెట్టాను, పర్లేదు" అని తనలో తాను అనుకుంటున్నాడు. రీలు వెనక్కి చుట్టి, బొమ్మ మీద బొమ్మ సరిగ్గా పడేలా నాలుక మీద గుర్తుగీత గీసి, డబ్బాకి దూది చుట్టి పంపాడు. చంటిపిల్లని పడుకోబెట్టినట్టు పెట్టాడు కొరియర్ బల్ల మీద.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో ఫోను మోగితే గిన్నెలు కింద పడేవి.

నల్లగొడుగు బొమ్మలు పెట్టిన రోజు నేను ముందు చూశాను. బొమ్మలు బాగున్నాయి. వానలో బస్టాపు. మూసిన కొట్ల వరస. నేల మీద పడి ఉన్న గొడుగు. గేటు పట్టుకుని నిలబడ్డ ముసలాయన. అంతే. ఇనప తాళ్ళు లేవు, చక్రాలు లేవు, మావయ్య లేడు. కింద పేర్లు మాత్రం రెండున్నాయి.

గుంపుకి పండగే. 'జంట ఎక్కడ?' 'మెషీన్ రూమ్ గారు లెన్సు మూత తీయడం మర్చిపోయినట్టున్నారు.' 'ఖాళీ రీలు పంపి పేరు కొట్టేశారు, తెలివంటే ఇదీ.' నవ్వే బొమ్మలు, వాటి కింద ఇంకా నవ్వే బొమ్మలు. ఎవరో నల్లగొడుగుని అడిగారు, ఏమైందని. 'నాకు కొత్త రీలే వచ్చినట్టుంది' అని జవాబు. కోపం లేదు అందులో. అదే ఎక్కువ గుచ్చుకుంది.

మావయ్య ఆ మాటలన్నీ చదివాడు. పైకి జరిపి మళ్ళీ చదివాడు.

"రాయి మావా! తీశానని చెప్పు! లేదా ఫోను నాకివ్వు, ఒక్కొక్కడికీ దుమ్ము దులుపుతా."

"వద్దురా."

"వద్దేంటి? దొంగంటున్నారు నిన్ను!"

"వాళ్ళకి కనబడలేదు. కనబడనిది లేదనుకోవడంలో తప్పేముంది?"

నాకు అత్తయ్య గుర్తొచ్చింది. ఆయన ఏదో టైపు చేశాడు, చెరిపేశాడు. ఆ వారం రీలు కడగలేదు. బాత్‌రూము ఎప్పుడు కావాలంటే అప్పుడు ఖాళీగా ఉండేది. అదొక సుఖమని నాకు అనిపించలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం, తాళంచెవి నా దగ్గరే ఉండిపోయిందని ఆయన పనిచేస్తున్న చోటికెళ్ళాను. పాత ఆఫీసు బిల్డింగు. లిఫ్టు మధ్యలో ఆగింది, లోపల ఒకావిడ. పైన మెషీన్ రూములో మావయ్య రెండు చేతులతో చక్రం తిప్పుతున్నాడు, చెమటలు కారుతున్నాయి. గోతిలోంచి ఆవిడ గొంతు పైకి తన్నుకొస్తోంది.

"బాబూ, ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

చక్రం బిగిసింది. దాని మీద పడి ఈయన మాట్లాడటం మానేశాడు.

"ఓ బాబూ! పలకవేం? వెళ్ళిపోయావా?"

"లేదమ్మా, ఉన్నాను."

"ఉంటే మాట్లాడవయ్యా! ఉండీ పలక్కపోతే నాకు లేనట్టే కదా! ఇక్కడ చీకటి!"

మావయ్య చక్రం మీద చేతులు అలాగే ఉంచి ఆగాడు. కిందికి, ఆ చీకటి గోతిలోకి చూశాడు. తర్వాత మొదలుపెట్టాడు. ఆయన అంతసేపు మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. "ఇప్పుడు చక్రం తిప్పుతున్నానమ్మా. పసుపు రంగు చక్రం, పెయింటు లేచిపోయింది. ఇక్కడొక చిన్న కిటికీ ఉంది. ఎండ లోపలికొచ్చి నా కాళ్ళ మీద పడుతోంది. కిటికీ బయట పావురం ఒకటి కూర్చుంది. మీరు కదిలారు చూడండి, ఇప్పుడే కదిలారు..."

"కదిలానయ్యా!"

"అదే, నేనే కదిపాను."

"పావురం ఉందా ఇంకా?"

"ఉందమ్మా. మీ కోసమే చూస్తోంది."

కింద ఆవిడ ఏడుస్తూ నవ్వింది. తలుపు తెరుచుకుంది. మేం దిగేసరికి ఎప్పట్లాగే ఎవరూ లేరు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా ఫోను తీశాడు. గుంపులో కాదు, నల్లగొడుగుకి విడిగా రాశాడు. టీ చల్లారిపోయింది, నేను పోసిన రెండోదీ చల్లారింది. రాశాక నాకు చూపించాడు.

'గొడుగు గారూ, నేను ఖాళీ రీలు పంపలేదు. మీ బొమ్మలకి అడ్డం వస్తానని మరీ తక్కువ వెలుగుతో తీశాను. తప్పు నాదే. స్కానర్ నలుపుని ఇంకా నలుపు చేసేస్తుంది, అందుకే కనబడలేదు. నెగటివ్‌ని కిటికీకి పెట్టి చూడండి. మీ గొడుగు నల్లగా ఉంది కాబట్టి నెగటివ్‌లో ఆ చోటు గాజులా ఉంటుంది. అక్కడ చూడండి. వరస ప్రకారం దాని కింద నేను అద్దంలో తీసుకున్న బొమ్మ ఉండాలి. నేనున్నాను.'

"చెరిపేస్తావా?" అన్నాను.

పంపేశాడు.

మర్నాడు జవాబు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇక రాదని ఆయన అన్నాడు, వస్తుందని నేనన్నాను, రాదనే నేనూ అనుకున్నాను. తర్వాతెప్పుడో ఒక ఫొటో వచ్చింది. కిటికీ అద్దానికి రెండు వేళ్ళతో అదిమిపట్టిన నెగటివ్ ముక్క. గొడుగు ఆకారంలో తేటగా ఉన్న చోట, ఊది ఆరిపోయిన ఆవిరిలా ఒక బూడిద మచ్చ. తేరిపార చూస్తే అది చొక్కా. చొక్కా పైన మొహం ఉండాలి కానీ దాని బదులు కెమెరా ఉంది. ఫొటో కింద రాసి ఉంది: 'చూశాను. ఉన్నారు. జేబులో పెన్ను కూడా ఉంది.'

మావయ్య జేబు తడుముకున్నాడు. పెన్ను ఉంది.

నల్లగొడుగు ఆ ఫొటోని గుంపులోనూ పెట్టారు. అప్పటికి అక్కడ కొత్త గొడవ నడుస్తోంది, ఎవరిదో పిల్లి ఫొటో ఎవరో దొంగిలించారని. ఈ బూడిద మచ్చని ఎవరూ పట్టించుకోలేదు. ఒకే ఒక్క లైకు వచ్చింది, అది నేను కొట్టిందే. దొంగ అన్నవాళ్ళలో ఒక్కడూ వచ్చి కాదనలేదు. నాకు కాలింది. మావయ్యకి ఏమీ కాలేదు. వీధి చివర కొరియర్ కుర్రాడి బండి చప్పుడైతే చాలు, కిటికీ దగ్గర ఉండేవాడు.

తిరుగు రీలు వచ్చింది.

మూత మీద కాగితం ముక్క అంటించి ఉంది: 'ఈసారి మీరు తగ్గించకండి.'

తగ్గించలేదు. లెన్సు మీద అంకెని రోజూ నేను చూశాను, నిండుగా ఉంది. మనుషుల్ని కూడా తీశాడు. లిఫ్టులోంచి బయటపడేవాళ్ళకి చక్రం తిప్పుతూనే పైనుంచి చెప్పేవాడట, "దిగాక ఒక్క నిమిషం ఆగుతారా? ఫొటో తీసుకుంటాను" అని. చాలామంది పారిపోయారు. ఒకాయన మాత్రం చేతి గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. ఆ ఒక్కడు చాలన్నట్టు చెప్పాడు మావయ్య ఇంటికొచ్చి.

రీలు కడిగి, ఆరాక స్కాన్ చేశాడు. బొమ్మలు దిట్టంగా వచ్చాయి. తాళ్ళు, చక్రాలు, గడియారం పెద్దమనిషి, కిటికీ మీద పావురం. నల్లగొడుగు తీసినవి ఎక్కడా లేవు. మావయ్య మొహం పాలిపోయింది. "చెప్పానా, అడ్డం పడతానని! వాళ్ళ బొమ్మలన్నీ తినేశాన్రా." అయినా మాట ప్రకారం ఇద్దరి పేర్లూ రాసి గుంపులో పెట్టాడు.

వెంటనే ఒకడు దిగాడు. 'ఈసారి గొడుగు గారు మూత తీయలేదా?'

దాని కింద నల్లగొడుగు నుంచి జవాబు: 'తీశాను. కిటికీకి పెట్టి చూడండి.'

మావయ్య గట్టిగా నవ్వాడు. ఆ ఇంట్లో ఆ చప్పుడు కొత్త, కింది వాటావాళ్ళు తలెత్తి ఉంటారు. పరుగున వెళ్ళి, స్కానర్‌లోంచి ఫిల్ముని తీసి తెచ్చి కిటికీకి పెట్టాడు. నేనూ భుజం మీంచి వంగాను. లిఫ్టు గోతి చీకటి ఉన్న చోటల్లా నెగటివ్ తేటగా ఉంది. ఆ తేట మధ్యలో, ఉందా లేదా అన్నట్టు, ఎవరిదో వంటగది. బల్ల. దాని ముందు కుర్చీ. గోడ మేకుకి గొడుగు. తలుపు దగ్గర చెప్పుల జత. ఈ మనిషి కూడా వెలుగు తగ్గించుకునే తీశారు, కావాలనే, ఈయన నిండుగా పడాలని.

మావయ్య ఒక్కో బొమ్మా జరుపుతూ పోయాడు. నవ్వు ఎక్కడ ఆగిందో నేను గమనించలేదు.

"ఒకటే గ్లాసురా," అన్నాడు.

"ఏంటి?"

"బల్ల మీద. అన్నిట్లోనూ చూడు. ఒకటే గ్లాసు, ఒకటే కుర్చీ."

నిజమే. పొద్దుటి వెలుతురులో ఒకటే గ్లాసు. ఇంకో బొమ్మలో కిటికీ పరదా మూశాక, అదే గ్లాసు, బోర్లించి ఉంది.

ఆయన ఫోను తీసి టైపు చేశాడు: 'మీ వంటగది చూశాను. గ్లాసు కూడా.' వేలు చెరిపే గుర్తు మీదికి వెళ్ళడం నేను చూశాను. కాసేపు అక్కడే ఉండి, ఆ వేలు పక్కకి జరిగింది. పంపాడు.

జవాబు కోసం ఇద్దరం కూర్చున్నాం. ఫోను మోగింది. ఆయన చప్పున అందుకున్నాడు. కానీ అది పని మీద వచ్చిన ఫోను, ఎక్కడో లిఫ్టు ఆగిందట, లోపల మనిషి ఉన్నాడట. మావయ్య సంచీ భుజాన వేసుకుని చెప్పులేసుకున్నాడు.

"జవాబొస్తే చెప్పనా?" అన్నాను.

"ఫోను నా దగ్గరే ఉంటుంది కదరా," అన్నాడు.

మెట్లు దిగుతూ ఆ ఇరుక్కున్న మనిషితో అప్పుడే మాట్లాడుతున్నాడు. "ఉన్నానండీ. బయల్దేరాను. ఇప్పుడు మెట్లు దిగుతున్నాను, మా బిల్డింగులో లిఫ్టు లేదు లెండి..." ఒక్కో అంతస్తుకీ గొంతు చిన్నదవుతూ పోయి, వీధిలో కలిసిపోయింది. కిటికీకి అతుక్కున్న ఫిల్ములోంచి ఎండ వస్తూనే ఉంది. నేను వెళ్ళి ఆ గ్లాసుని ఇంకోసారి చూశాను.